మలుపు రాకముందే ఒరిగే రైలు: జపాన్ యాకుమో 273 సిరీస్

సికింద్రాబాద్ నుంచి విశాఖపట్నం వెళ్లే వందేభారత్ సుమారు 700 కిలోమీటర్లను ఎనిమిదిన్నర గంటల్లో దాటుతుంది. అంటే సగటున గంటకు 82 కి.మీ. జపాన్‌లో ఒకయామా నుంచి ఇజుమోషి దాకా నడిచే యాకుమో ఎక్స్‌ప్రెస్‌కు 220 కి.మీ.కి దాదాపు మూడు గంటలు పడుతుంది. సగటు 73. ఈ దారిలో ఇప్పుడు నడుస్తున్నవి 2024 ఏప్రిల్ 6న మొదలైన సరికొత్త రైళ్లు. పేరు 273 సిరీస్, గరిష్ఠ వేగం 120. కాగితం మీద ఈ అంకెలు చూసినవాళ్లు ‘బుల్లెట్ రైలు దేశంలో ఇదేం వేగం’ అని పెదవి విరుస్తారు. ఆ పట్టాలు ఎలా పోతాయో చూస్తే మాత్రం 73 సగటు తీయడం ఎంత కష్టమో తెలుస్తుంది.

షింకాన్సెన్‌కు, అంటే బుల్లెట్ రైళ్లకు, కొత్తగా, తిన్నగా, 1435 మి.మీ. గేజ్‌తో వేరే లైన్లు వేశారు. జపాన్‌లో చాలా ఊళ్లు ఇప్పటికీ ఉన్నది పాత 1067 మి.మీ. లైన్ల మీదే. యాకుమో వెళ్లే హకుబి లైన్ 1928లో పూర్తయింది. కురాషికి దాటాక తకహాషి నదిని పట్టుకుని కొండల్లోకి ఎక్కుతుంది, చూగొకు కొండల నడుమ సొరంగంలో శిఖరం దాటి, అవతల హినో నది వెంట సముద్రంవైపు దిగుతుంది. నది ఎటు తిరిగితే రైలూ అటే. సొరంగాలకు డబ్బు లేని రోజుల్లో వేసిన లైన్ కాబట్టి మలుపు తర్వాత మలుపు. పైగా చాలా భాగం సింగిల్ లైన్. అవతలి నుంచి వచ్చే రైలుతో క్రాసింగ్ ఏ స్టేషన్లో అన్నది ముందే రాసిపెట్టి ఉంటుంది. మలుపుల్లో ఒక రైలు నాలుగు నిమిషాలు పోగొట్టుకుంటే అవతలి రైలు కూడా లూప్‌లో నిలబడుతుంది. అందుకే ఇక్కడ మలుపులో వేగం తగ్గకుండా చూసుకోవడం మీదే టైంటేబుల్ మొత్తం ఆధారపడి ఉంది.

మలుపులో ఏం జరుగుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. 400 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు, గంటకు 100 కి.మీ. వేగం అనుకోండి. సెకనుకు 27.8 మీటర్లు. బయటికి నెట్టే బలం గురుత్వంలో సుమారు 0.197 వంతు, అంటే 0.197జి. దీన్ని కొంత తగ్గించడానికి మలుపులో బయటి పట్టాను ఎత్తుగా వేస్తారు. రైల్వేవాళ్లు దీన్ని కాంట్ అంటారు. జపాన్ నారో గేజ్‌లో ఇది ఎక్కువలో ఎక్కువ 105 మి.మీ. కోణంలో చెప్పాలంటే 5.6 డిగ్రీలు. (మన బ్రాడ్ గేజ్ ముఖ్య మార్గాల్లో 165 మి.మీ. గేజ్‌తో భాగిస్తే అదీ అంతే కోణం వస్తుంది, సరదాకి వేసి చూడండి.) ఈ కాంట్ పోగా ప్రయాణికుడి మీద మిగిలేది 0.097జి. జపాన్‌లో సౌకర్యానికి పెట్టుకున్న గీత 0.08జి. అది దాటితే నిలబడ్డవాళ్లు తూలుతారు, టేబుల్ మీద కాఫీ కప్పు జరుగుతుంది.

కాంట్‌నే ఇంకా పెంచొచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. అదే పట్టా మీద గూడ్సు నెమ్మదిగా పోతుంది, ఒక్కోసారి సిగ్నల్ లేక మలుపులోనే ఆగిపోతుంది. అప్పుడది లోపలివైపు పడిపోయేట్టు ఒరిగి ఉంటుంది, బరువంతా లోపలి పట్టా మీదికి వస్తుంది. మన కొత్తవలస–కిరండూల్ లైన్‌లోనూ ఇదే చిక్కు. అరకు వెళ్లే రైలు మెల్లగా పోతోందని విసుక్కుంటాం కానీ, 1960ల్లో ఆ లైన్ వేసిందే బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి. గూడ్సుదే పెత్తనం అయిన చోట కాంట్ గూడ్సుకు తగ్గట్టే ఉంటుంది.

పట్టాను ఒరగనివ్వకపోతే రైలునే ఒరగనివ్వాలి. తిరుమల ఘాట్‌లో బస్సు మలుపు తిరిగితే మన ఒళ్లు బయటివైపుకు జారుతుంది, అదే మోటార్‌సైకిల్ మీద వెళ్లేవాడు లోపలికి ఒరుగుతాడు కాబట్టి జారడు. రైలు పెట్టె కూడా మోటార్‌సైకిల్‌లా మరో 5 డిగ్రీలు లోపలికి ఒరిగితే పై లెక్కలో 0.097 కాస్తా 0.01కన్నా కిందికి పడిపోతుంది. పెట్టె కింది ఎయిర్ స్ప్రింగులు (గాలి తిత్తులు) బయటివైపు కొంత కుంగుతాయి కాబట్టి నిజంలో ఇంత శుభ్రంగా రాదు. అయినా తేడా చాలా పెద్దది.

ఇక్కడ ఒక మాట. ఒరగడం వల్ల లాభం ప్రయాణికుడికి మాత్రమే. పట్టాకు ఏ లాభమూ లేదు. పెట్టె ఎంత ఒరిగినా చక్రం బయటి పట్టాను తోసే బలం అలాగే ఉంటుంది. కాబట్టి మలుపుల్లో వేగం పెంచాలంటే బరువు తగ్గించాలి, గరిమనాభి కిందికి దించాలి. ఇంకా ఆ వేగాన్ని మోసేలా లైన్‌ను కూడా గట్టిగా ఉంచాలి. ‘ఒరిగే రైలు కొంటే చాలు, పాత లైన్ మీదే దూసుకుపోవచ్చు’ అని చెప్పేవాళ్లు ఈ సగం కథను ఎగరగొట్టేస్తుంటారు.

ఇంతకీ రైలు ఒరిగేదెలా? ముందు ఒక పదం సర్దుకోవాలి. మనం పెట్టెనే బోగీ అంటాం. ఇంజినీర్లు బోగీ అనేది పెట్టె కింద నాలుగు చక్రాలున్న ఇనుప చట్రాన్ని. ఒక్కో పెట్టెకు అలాంటివి రెండు. ఇకపై బోగీ అంటే ఆ చట్రమే.

1973లో నగోయా–నగానో మధ్య షినానో ఎక్స్‌ప్రెస్‌గా జపాన్ జాతీయ రైల్వే 381 సిరీస్‌ను దింపింది. దాని బోగీ మీద రోలర్లు ఉంటాయి, ఆ రోలర్ల మీద వంపు తిరిగిన దూలం ఒకటి కూర్చుంటుంది, దాని మీద పెట్టె. పెట్టె తిరిగే కేంద్రం దాని గరిమనాభికన్నా పైన ఉండేలా ఆ వంపును చెక్కారు. కాబట్టి పెట్టె బోగీ మీద కూర్చున్నట్టు కనిపించినా, నిజానికి అది పైనుంచి వేలాడుతున్న ఉయ్యాల. రైలు ఎడమకు తిరిగితే బయటికి నెట్టే బలం ఉయ్యాల అడుగును కుడివైపుకు ఊపుతుంది, పైకప్పు ఎడమవైపుకు, అంటే మలుపు లోపలికి ఒరుగుతుంది. మోటారు లేదు, సెన్సర్ లేదు. పేరే ‘సహజ లోలకం’ పద్ధతి. ఒరగగలిగేది 5 డిగ్రీలు. గరిమనాభి కిందికి రావాలని పెట్టెను అల్యూమినియంతో చేశారు, ఏసీ యంత్రాన్ని పైకప్పు మీంచి తీసి నేల కింద పెట్టారు. 1982లో హకుబి లైన్‌కు కరెంటు వచ్చినప్పుడు యాకుమోకూ ఈ 381లే వచ్చాయి. 2024 జూన్ దాకా అవే నడిచాయి. నలభై రెండేళ్లు!

ఆ నలభై రెండేళ్లూ జనం దాన్ని ఎంత మెచ్చుకున్నారో అంత తిట్టుకున్నారు. కారణం రోలర్. రోలర్ కదలడం మొదలుపెట్టాలంటే ముందు రాపిడిని గెలవాలి. మలుపు మొదట్లో బలం తక్కువ, అందుకని పెట్టె కదలదు. మలుపు బిగుసుకునే కొద్దీ బలం పెరుగుతుంది, ఒక దశలో రాపిడి ఓడిపోతుంది, అప్పుడు పెట్టె ఒక్కసారిగా ఊగుతుంది. అప్పటికే ప్రయాణికుడు బయటివైపుకు ఒరిగి సర్దుకున్నాడు, మళ్లీ ఇటు లాగుతుంది. మలుపు అయిపోయేటప్పుడు ఇదే తిరగబడి జరుగుతుంది: పట్టా తిన్నబడినా పెట్టె ఇంకా ఒరిగే ఉంటుంది, తర్వాత దబుక్కున వెనక్కి వచ్చి, అవతలి వైపుకు కొంచెం దాటి, మళ్లీ నిలబడుతుంది. నది పక్కన ఎస్ ఆకారపు మలుపుల్లో ఇది ఆగకుండా సాగుతుంది. మూడు నాలుగు సెకన్లకు ఒకసారి పక్కకు ఊగే ఇలాంటి నిదానపు ఊపే కడుపును తిప్పేది. గడగడా అదిరే అదురు చిరాకు పెడుతుంది కానీ వాంతి తెప్పించదు.

2007 నుంచి ఆ రైళ్ల లోపలి భాగాన్ని బాగు చేసి ‘యుత్తరి యాకుమో’ అని పేరు పెట్టారు. తాపీ యాకుమో అని అర్థం. జనం దాన్ని ‘గుత్తరి హకుమో’ చేశారు. గుత్తరి అంటే నీరసించి వాలిపోవడం, హకు అంటే కక్కడం. మన భాషలో కక్కుమో అంటే ప్రాస కూడా కలుస్తుంది. చేతులు కడుక్కునే చోట వాంతి సంచులు పెట్టేవారు.

ఈ ఆలస్యానికి మందు 1989లోనే దొరికింది. షికోకు దీవిలో జేఆర్ షికోకు (జాతీయ రైల్వేను విడగొట్టగా వచ్చిన జేఆర్ సంస్థల్లో ఒకటి) తెచ్చిన 2000 సిరీస్ డీజిల్ రైలులో లోలకానికి ఒక గాలి సిలిండర్ తోడు పెట్టారు. దారిలోని ప్రతి మలుపు ఎక్కడ మొదలవుతుందో, ఎంత వంపో, ఎంత కాంటో రైలు కంప్యూటర్‌లో ముందే నింపి ఉంచుతారు. తిన్నని పట్టాకూ మలుపుకూ మధ్య వంపు కొద్దికొద్దిగా పెరిగే భాగం ఉంటుంది, దాన్ని ట్రాన్సిషన్ అంటారు. రైలు ఆ భాగంలోకి అడుగుపెట్టడానికి కొన్ని పదుల మీటర్ల ముందే సిలిండర్ మెల్లగా తోయడం మొదలుపెడుతుంది. రాపిడిని సిలిండర్ గెలుస్తుంది, మిగతా పని ఎప్పట్లా మలుపు బలమే చేస్తుంది. జోరుగా తోయాల్సిన అవసరం లేదు. ఉయ్యాలను ఊపేటప్పుడు మొదట వేలితో ఒక తోపు ఇస్తామే, అంతే.

అసలు కష్టం వేరే చోట వచ్చింది: రైలుకు తానెక్కడ ఉందో తెలియాలి. కిలోమీటరు తేడాతో తెలిస్తే లాభం లేదు, మీటర్ల తేడాలో తెలియాలి. పాత పద్ధతిలో చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి దూరం కడతారు. సిగ్నళ్ల దగ్గర పట్టాల మధ్య ఏటీఎస్ (రైలును తనంతట తాను ఆపే భద్రతా వ్యవస్థ) కాయిల్స్ ఉంటాయి, వాటి మీదుగా పోయినప్పుడల్లా ‘నేను ఫలానా చోట ఉన్నాను’ అని లెక్క సరిచేసుకుంటుంది. రెండు కాయిల్స్ మధ్యలో మాత్రం చక్రాన్నే నమ్మాలి. చక్రం అరుగుతుంది. కొత్త చక్రం వ్యాసం 860 మి.మీ. అది ఒక్క మిల్లీమీటరు అరిగి, కంప్యూటర్‌లో మాత్రం 860 అనే ఉందనుకోండి. కిలోమీటరుకు 1.16 మీటర్ల తప్పు. 20 కి.మీ. వెళ్లేసరికి 23 మీటర్లు. గంటకు 100 వేగంలో అది 0.8 సెకను. ట్రాన్సిషన్ భాగం 60 మీటర్లు ఉంటే దాన్ని దాటడానికి పట్టేదే 2.2 సెకన్లు. అందులో మూడో వంతు తప్పిపోతే సిలిండర్ పెట్టినా పాత 381 లాగే ఊగుతుంది. కొన్ని సందర్భాల్లో అంతకన్నా అన్యాయం, ఎందుకంటే ఈసారి తప్పు సమయంలో బలంగా తోస్తున్నది మనమే. ఇది అరుగుదల సంగతి మాత్రమే. వాన పడి, ఆకులు రాలి, పట్టా జిడ్డుగా ఉన్న రోజు బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. రైలు ముందుకు పోతుంది, చక్రం తిరగదు, లెక్క వెనకబడుతుంది.

273 సిరీస్‌లో కొత్తది ఇదిగో ఇక్కడే ఉంది. ఒరిగే కోణం 1973 నాటి 5 డిగ్రీల దగ్గరే ఉంది. మారింది తానెక్కడుందో కనిపెట్టే పద్ధతి. జేఆర్ వెస్ట్, రైల్వే టెక్నికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, కవాసాకి కలిసి చేసిన ఈ పద్ధతిలో రైలు తాను ఎంత తిరుగుతోందో జైరో సెన్సర్‌తో నిరంతరం కొలుచుకుంటుంది. తిరిగే రేటును వేగంతో భాగిస్తే పట్టా వంపు వస్తుంది. అలా వచ్చిన వంపుల వరసను తన దగ్గరున్న మ్యాప్‌తో పక్కపక్కన పెట్టి, ఎక్కడ సరిగ్గా అతుకుతుందో చూసుకుంటుంది. చీకట్లో ఇంట్లో నడిచేవాడు గోడ తడుముతూ ‘ఇది వంటింటి మూల, తర్వాత మూడడుగులకు గుమ్మం’ అనుకోవడం లాంటిది. కాయిల్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, ప్రతి మలుపూ ఒక గుర్తే. మలుపులు ఎక్కువున్న లైన్‌లో ఇది ఇంకా బాగా పనిచేస్తుంది. ఏ మలుపులు ఇన్నాళ్లూ ఏడిపించాయో అవే ఇప్పుడు దారి చెబుతున్నాయి. ఈ రకం పద్ధతిని జపాన్‌లో రోజువారీ సర్వీసులో పెట్టడం ఇదే మొదలు. ప్రయాణపు వికారాన్ని కొలిచే సూచిక పాతదానికన్నా 23 శాతం వరకు మెరుగుపడిందని జేఆర్ వెస్ట్ లెక్క.

23 శాతమేనా అనిపించవచ్చు. నది వంపులు అలాగే ఉన్నాయి, పెట్టె ఇంకా ఒరుగుతూనే ఉంది, ఆ కదలికను సున్నా చేయడం కుదరదు. చేసినా మంచిది కాదు. కళ్లకు కిటికీలో కొండ తిరుగుతూ కనిపిస్తుంటే ఒంటికి ఏమీ తెలియకపోతే, ఆ తేడాకే మరికొందరికి వికారం వస్తుంది. కొంచెం బలం మిగిలి ఉండటమే నయం.

ఏ యంత్రానికైనా చెడిపోయే తీరు చూడాలి. సెన్సరో కంప్యూటరో పనిచేయకపోతే సిలిండర్ తోయడం మానేస్తుంది, కానీ లోలకం లోలకమే. మలుపు బలానికి పెట్టె తనంతట తాను ఒరుగుతుంది, కాకపోతే 381 లాగా ఆలస్యంగా. ఒళ్లు సుఖపడదు కానీ రైలు ఆగిపోదు. మరొక చిక్కు నిర్వహణది: పట్టా మరమ్మతులో ఒక మలుపును కాస్త జరిపినా, కాంట్ మార్చినా ఆ మార్పు రైలులోని మ్యాప్‌కు చేరాలి. ట్రాక్ వాళ్లకూ రైలు షెడ్డు వాళ్లకూ మధ్య కాగితం సరిగ్గా నడవకపోతే ఎంత మంచి జైరో ఉన్నా పాత ఇంటి గోడల్నే తడుముతూ ఉంటుంది.

ఇంత తంటా ఎందుకు, ఎయిర్ స్ప్రింగ్‌తో ఒరిగిస్తే పోదా అని అడిగేవాళ్లున్నారు. ఆ పద్ధతీ జపాన్‌లో బాగా నడుస్తోంది. బోగీకీ పెట్టెకూ మధ్య రెండు వైపులా గాలి తిత్తులు ఎలాగూ ఉంటాయి. మలుపులో బయటి తిత్తిలోకి ఇంకాస్త గాలి కొడితే పెట్టె లోపలికి ఒరుగుతుంది. రోలర్లు అక్కర్లేదు, బరువూ ఖర్చూ తక్కువ. తిత్తుల మధ్య దూరం 2 మీటర్లనుకుంటే 1.5 డిగ్రీలకు 52 మి.మీ. ఎత్తాలి. తోకైదో షింకాన్సెన్‌లో ఎన్700 ఒక్క డిగ్రీ ఒరిగి 2500 మీటర్ల మలుపుల్ని గంటకు 270లో దాటింది. 2017 డిసెంబరులో షింజుకు–మాత్సుమోతో దారిలోకి వచ్చిన ఈ353 సిరీస్ 1.5 డిగ్రీలతోనే, అంతకుముందు 5 డిగ్రీలు ఒరిగే లోలకపు రైలు ఈ351 చేసిన పని చేస్తోంది. ఆ దారికి అది సరైన నిర్ణయమే.

షికోకులో మాత్రం ఎదురు తిరిగింది. 2017లో జేఆర్ షికోకు 2600 సిరీస్ అని ఎయిర్ స్ప్రింగ్ రైలు చేయించింది. కొండల్లో పోయే దొసాన్ లైన్‌లో పరీక్షిస్తే గాలి చాలలేదు. ప్రతి మలుపుకూ ఒక తిత్తి నింపాలి, మలుపు అయ్యాక ఆ గాలిని బయటికి వదిలేయాలి, అంతలోనే ఎదురు మలుపుకు రెండో తిత్తి నింపాలి. మలుపు మీద మలుపు వస్తే కంప్రెసర్ నింపేదానికన్నా ఖర్చయ్యేదే ఎక్కువ, ట్యాంకు ఖాళీ అవుతూ పోతుంది. బ్రేకులకు కావలసిందీ గాలే అని గుర్తుంచుకోండి. చివరికి ఆ సంస్థ మళ్లీ లోలకానికే తిరిగొచ్చి, 2019లో 2700 సిరీస్‌ను తెచ్చింది. కొత్త పద్ధతి వచ్చాక పాతదానికి వెనక్కి వెళ్లడం రైళ్ల చరిత్రలో అరుదు. హకుబి లైన్‌కు లోలకమే ఎందుకు ఎంచారో అర్థం చేసుకోవడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు. నగోయా–నగానో లైన్‌కు జేఆర్ సెంట్రల్ తయారు చేయిస్తున్న 385 సిరీస్ కూడా లోలకమే, అక్కడా జైరోనే.

ఒరిగే రైలుకు ఇంకో రెండు బాధలున్నాయి. మొదటిది, పెట్టె ఒరిగితే దాని భుజం పక్క లైన్‌లోకో సొరంగం గోడకో తగలకూడదు. అందుకే ఈ రైళ్ల పెట్టెలు నడుము దగ్గర వెడల్పుగా, పైకీ కిందికీ పోయేకొద్దీ సన్నబడి ఉంటాయి. ప్లాట్‌ఫామ్ చివర నిలబడి ఎదురుగా చూస్తే ఈ ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది. రెండోది పాంటోగ్రాఫ్, అంటే పైతీగ నుంచి కరెంటు అందుకునే చెయ్యి. పైకప్పు పక్కకు జరిగితే దాని మీదున్న పాంటోగ్రాఫ్ కూడా కరెంటు తీగ కింది నుంచి పక్కకు పోతుంది. ఈ351లో దీనికి ముతక మందు వేశారు: పాంటోగ్రాఫ్‌ను పైకప్పు మీద కాకుండా బోగీ నుంచి లేచిన చట్రం మీద నిలబెట్టారు, ఆ చట్రం ప్రయాణికుల పెట్టెలోంచే పైకి పోతుంది. షికోకు 8000 సిరీస్‌లో బోగీ నుంచి తీగలు లాగి, పెట్టె ఒరిగినకొద్దీ పాంటోగ్రాఫ్‌ను ఎదురు దిక్కుకు లాగేలా చేశారు. 381లో ఈ బెడద రైలుకు కాకుండా లైన్‌కు అప్పజెప్పారు. పాంటోగ్రాఫ్ పైకప్పు మీదే ఉంది, అది నడిచే లైన్లలో తీగనే దానికి తగ్గట్టు సర్దారు.

లోపలి సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఒక్కో రైలుకు నాలుగు పెట్టెలు, రద్దీ ఉంటే రెండు రైళ్లను కలిపి ఎనిమిది చేస్తారు, అందుకే ముక్కు దగ్గర తలుపు ఉంటుంది. మొత్తం 11 సెట్లు, 44 పెట్టెలు. బయట రంగుకు ‘యాకుమో బ్రాంజ్’ అని పేరు. ఎండలో రాగిలా, మబ్బులో మట్టిలా కనిపించే రంగు. మామూలు పెట్టెల్లో రెండు–రెండు సీట్లు, ఆకుపచ్చ గుడ్డ మీద అసనోహా, అంటే జనుము ఆకుల అల్లిక. గ్రీన్ కార్ అనే పై తరగతిలో రెండు–ఒకటి సీట్లు, పసుపు మీద తాబేటి చిప్ప అల్లిక. ప్రతి సీటుకూ ప్లగ్గు ఉంది, రైల్లో ఉచిత వైఫై ఉంది. గ్రీన్ కార్ ఉన్న పెట్టెలోనే మిగతా సగాన్ని సెమీ కంపార్ట్‌మెంట్ చేశారు: ఇద్దరికీ నలుగురికీ ఎదురెదురు సీట్లు, మధ్య పెద్ద టేబుల్. ఇది మామూలు తరగతి లెక్కే. పిల్లలతో వెళ్లే కుటుంబానికి, టికెట్ దొరికితే, రైలు మొత్తంలో ఇదే మంచి చోటు. ఒక్క సంగతి మరిచిపోవద్దు: ఎదురెదురు సీట్లలో సగం మంది వెనక్కి తిరిగి కూర్చోవాలి. ప్రయాణాల్లో వాంతులయ్యేవాళ్లను రైలు పోయే దిక్కుకు ముఖం పెట్టి కూర్చోబెట్టండి.

మిగతా చోట్ల సీటు కింద పెడల్ తొక్కి జంట సీటును మొత్తంగా తిప్పుకోవచ్చు. చిన్న జాగ్రత్త ఏంటంటే, సీటు తిప్పేముందు వీపును నిలువుగా చేయండి, లేదంటే వెనక సీటుకు తగులుతుంది. తిప్పాక క్లిక్ మని పడిందో లేదో చూసుకోండి, పడకపోతే మలుపులో సీటు కదులుతుంది.

2024 మార్చి నుంచి యాకుమోలో అన్నీ రిజర్వుడు సీట్లే. జపాన్ రైల్ పాస్ చెల్లుతుంది కానీ ముందు సీటు రాయించుకోవాలి. సీటు ఎంచుకునేటప్పుడు పెట్టె చివర్లు వదిలేయండి. బోగీలు చివర్ల కింద ఉంటాయి, చప్పుడూ కుదుపూ అక్కడే ఎక్కువ. మధ్య వరసలు నయం. ఇజుమోషి వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ తీసుకుంటే యొనాగో చేరేముందు దైసెన్ పర్వతం, మాత్సుయె దాటాక షింజి సరస్సు అటే వస్తాయి. తిరుగు ప్రయాణంలో ఎడమవైపు. బిచ్చు-తకహాషి నుంచి కొండ దిగేదాకా ఫోన్ జేబులో పెట్టేయండి. చూపు దగ్గరి చెట్ల మీద కాకుండా దూరపు కొండ మీద ఉంచితే చెవిలోని సమతూకానికీ కంటికీ తగవు తగ్గుతుంది. లేచి నడవాల్సివస్తే రైలు ఇటు ఒరిగి అటు తిరిగే మధ్యలో కాకుండా, తిన్నగా పోతున్నప్పుడు లేవండి. సీటు మూల పట్టుకుని నడవడంలో నామోషీ ఏమీ లేదు, అక్కడివాళ్లూ అలాగే నడుస్తారు.

ఒరగడం ఎంత పనిచేస్తోందో పోల్చి చూడాలంటే అదే పట్టా మీద రాత్రి టోక్యోలో బయల్దేరిన సన్‌రైజ్ ఇజుమో స్లీపర్ రైలు ఉంది. 285 సిరీస్, అది ఒరగదు. ఒకయామా నుంచి ఇజుమోషికి దానికి మూడు గంటల ఇరవై నిమిషాలకు పైగానే పడుతుంది. ఆ తేడా అంతా మలుపులదే కాదు, సింగిల్ లైన్‌లో ఆగి దారి ఇవ్వడం కూడా ఉంది. అయినా రెండూ ఎక్కినవాళ్లకు కొండల మధ్యనున్న నీమి స్టేషన్‌కు అటూ ఇటూ తేడా తెలిసిపోతుంది: స్లీపర్ మలుపుకు ముందే నెమ్మదిస్తుంది, యాకుమో ఒరిగి పోతుంది.

ఒకయామా స్టేషన్లో భోజనం పెట్టె కొనుక్కుని ఎక్కేవాళ్లు దాన్ని కురాషికి లోపే తినేయండి, లేదంటే యొనాగో దాటాక తెరవండి. అక్కడి నుంచి లైన్ చదునుగా, సరస్సు ఒడ్డునే పోతుంది.